మూడో సాక్షి గడిలో సంతకం

రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల పక్కన మిషను పెట్టుకుని ఇరవై రెండేళ్ళుగా జనానికి పెళ్ళి దరఖాస్తులు కొట్టిపెడుతున్న టైపిస్టమ్మకి ఆ చట్టమంతా కొట్టినపిండి. వయసు రుజువు కావాలి, నోటీసు ముప్పై రోజులు బోర్డు మీద వేలాడాలి, నోటీసిచ్చిన మూడు నెలల్లోపు పెళ్ళయిపోవాలి, ముగ్గురు సాక్షులు ఎదురుగా నిలబడాలి. ప్రేమించుకోవడానికి తీరిక దొరికినవాళ్ళకి మూడో సాక్షిని వెతుక్కునే తీరిక మాత్రం దొరకదు. అలాంటి జంట బిక్కమొహం వేసినప్పుడల్లా టైపిస్టమ్మ మిషను మీద గుడ్డ కప్పి, లోపలికెళ్ళి, మూడో సాక్షి గడిలో సంతకం గిలికి వచ్చేది. అలా ఎన్ని వందల పెళ్ళిళ్ళు చేసిందో ఆమెకే తెలియదు.

ఇన్నాళ్ళకి, నలభై ఆరో ఏట, పెళ్ళి ఆమెదే. వరుడు ఓడలో వంటమనిషి. సెలవులో ఉన్నప్పుడు చిరునామా మార్పు దరఖాస్తు కొట్టించుకుందామని వచ్చి, ఇంటి నంబరు నాలుగుసార్లు తప్పు చెప్పి నాలుగు రోజులు తిరిగాడు. సొంత ఇంటి నంబరు తెలియని మనిషి ఎక్కడా ఉండడని అయిదో రోజు ఆమెకి అర్థమైంది.

చిక్కేమిటంటే, నోటీసిచ్చి వెళ్ళిన పెద్దమనిషి, ఓడ ఆలస్యమై నిన్ననే దిగాడు. నోటీసు గడువుకి ఇవాళే ఆఖరు. రేపు పొద్దున్నే మళ్ళీ ఓడెక్కాలి, ఎనిమిది నెలల దాకా రాడు. సాయంత్రం అయిదులోపు పెళ్ళి కాకపోతే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

నాలుగున్నరకి అందరూ ఆఫీసరుగారి బల్ల ముందు నిలబడ్డారు. సాక్షులు అతని చెల్లెలు, చెల్లెలి మొగుడు, పక్కనున్న జిరాక్సు కొట్టతను. వధూవరులు చెప్పాల్సిన ముక్కలు చెప్పారు. వరుడు సంతకం పెట్టాడు. ఆఫీసరుగారు పుస్తకం టైపిస్టమ్మ వైపు తిప్పారు. ఆమె అటు ఆడపడుచు చెప్పేదానికి తలూపుతూ, ఇటు చకచకా సంతకం పెట్టేసింది. ఎక్కడ? మూడో సాక్షి గడిలో.

“అమ్మా, మీ పెళ్ళికి మీరే సాక్షా?” అన్నారు ఆఫీసరుగారు.

ఆడపడుచు ఫక్కున నవ్వింది. “మరి నేనెక్కడ పెట్టాలండీ?” అన్నాడు జిరాక్సు కొట్టతను.

ఆఫీసరుగారు తల గోక్కున్నారు. “ఈ పుస్తకంలో కొట్టివేతలంటే నాకు భయమమ్మా. రేపు పైవాళ్ళనడిగి చెప్తాను.”

“పోనీలెండి, ఎనిమిది నెలలే కదా, ఆగుదాం,” అన్నాడు వరుడు, మొహం వేలాడేసుకుని.

“మీరు ఆగుతారేమో, నేనాగను!” టైపిస్టమ్మ గొంతు వరండా దాకా వినిపించింది. “సార్, మీరింకా సంతకం పెట్టలేదు. మీరు పెట్టేదాకా తప్పు దిద్దుకోవచ్చు. గీత కొట్టి, పక్కన కారణం రాసి, అందరం పొట్టి సంతకాలు పెడితే సరి. మీకు ముందున్న సారు రెండుసార్లు ఇలాగే చేశారు. కావాలంటే పాత పుస్తకం తియ్యండి, అందులో సాక్షిని నేనే.”

ఆఫీసరుగారు గడియారం చూశారు, ఆమె మొహం చూశారు, నవ్వేసి కలం మూత తీశారు. “సరే, కారణం ఏమని రాయను?”

ఊరందరి కారణాలూ తడుముకోకుండా కొట్టిపెట్టే మనిషి, తప్పు గడిలోని తన సంతకం వంక చూసుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“పెళ్ళి నాదేనని నా చేతికింకా నమ్మకం కుదర్లేదని రాయండి,” అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆఫీసరుగారు గీత కొట్టి, పక్కన ‘పొరపాటు’ అని ఒక్క ముక్క రాసి, అందరిచేతా పొట్టి సంతకాలు పెట్టించి, వధువు గడి మీద వేలు పెట్టి చూపించారు. ఆమె ఊపిరి బిగబట్టి ఒక్కొక్క అక్షరమే రాసింది. సాక్షులు పెట్టారు, ఆఖరున ఆఫీసరుగారు పెట్టారు. వరుడు జేబురుమాలు కోసం అన్ని జేబులూ వెతుక్కుంటున్నాడు.

“ఇక నాదేనాండీ?” అని అడిగింది టైపిస్టమ్మ, చట్టమేమీ తెలియనిదానిలా.

“మీదేనమ్మా,” అన్నారు ఆఫీసరుగారు.