రెండో పేరు

ప్రభుత్వం పడిపోయి వారం తిరక్కుండానే వాలెంటిన్ రూషీ పారిస్ నుంచి సొంతూరు మోరేజాక్‌లో దిగాడు. మంత్రి పదవి ఊడిందన్న దిగులు మచ్చుకైనా లేదు. ఎందుకుంటుంది? ఏళ్ల తరబడి ఎంపీగా ఏలిన సీటు ఇక్కడ భద్రంగా ఉంది కదా!

ఆ రోజుల్లో ఎంపీగా నిలబడేవాడు తనతో పాటు రెండో పేరు ఒకటి ఇవ్వాలి. ఎంపీ మంత్రి అయ్యాడా, సీటు ఆ రెండో మనిషిది. పదవి పోయినా అది దానంతటది తిరిగి రాదు. రెండో మనిషి మర్యాదగా రాజీనామా చేస్తే, ఉప ఎన్నికలో పాతాయన మళ్లీ గెలుచుకుంటాడు. చట్టంలో లేదు గానీ అందరూ చేసేది అదే. అందుకే నోట్లో నాలుక లేనివాళ్లను ఏరుకుంటారు. రూషీ కూడా ఏరికోరి మంత్రసాని లియోనీని పెట్టుకున్నాడు. మీటింగుల్లో ఓ మూల స్వెట్టరు అల్లుకునే మనిషి. ఆవిడకేం తెలుసు పాపం అనుకున్నాడు, మహానుభావుడు!

శనివారం పొద్దున్నే ఎంపీ ఆఫీసుకు వెళ్లాడు. అర్జీలతో వచ్చినవాళ్లంతా లేచి నిలబడ్డారు. "మంత్రిగారూ, బాగున్నారా!" అంటూ చేతులు కలిపారు, బుగ్గలు ఆనించారు. పదవి పోయినా ఆ పిలుపు చచ్చేదాకా పోదక్కడ. రూషీ ఛాతీ ఉప్పొంగింది.

లోపల లియోనీ కాఫీ పోసింది.

"రాజీనామా ఎప్పుడిస్తున్నావు? సోమవారం ఇచ్చేస్తే గడ్డికోతల్లోపు ఎన్నిక అయిపోతుంది."

"ఇవ్వను."

రూషీ పగలబడి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"ఏంటి, వేళాకోళమా?"

"నేను వేళాకోళాలాడే మనిషినా, వాలెంటిన్? ఆస్పత్రిలో పురుళ్ల వార్డు మూసెయ్యమని మీ ప్రభుత్వమే సంతకం పెట్టింది. నానా తంటాలూ పడి ఆపుకొస్తున్నాను. వచ్చే నెల దాని మీద ఓటింగు. ఇప్పుడు సీటు ఖాళీ చేసి పొమ్మంటారా?"

"గెలిచొచ్చి నేను చూసుకుంటాగా!"

"ఏం చూసుకుంటారు? దానికోసం ఎన్నిసార్లు వచ్చాను మీ గది ముందుకి! మంత్రిగారు బిజీ అన్నారు, బయటే కూర్చోబెట్టారు."

రూషీకి ఒళ్లు మండింది. "నా మొహం చూసి వేశారు ఓట్లు! పోస్టరు మీద నీ బొమ్మ తపాలా బిళ్లంత ఉంది, మర్చిపోయావా?"

"అంతే ఉంది. కాదన్నానా? బయట జనం ఉన్నారు, వెళ్లి అడగండి."

"అడుగుతాను! నాకేం భయం?"

తలుపు బార్లా తెరిచాడు. వీళ్లందరి పెళ్లిళ్లకూ చావులకూ వెళ్లినవాడు, వీళ్ల పిల్లలకు ఉద్యోగాలు వేయించినవాడు. వీళ్లు తనను కాదంటారా?

"చెప్పండర్రా! ఈ సీటు నాదా, ఈవిడదా?"

ఒకడు బూట్ల వంక చూసుకున్నాడు, ఇంకొకడికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. రూషీ ఒక్కొక్కరి మొహం వంకా చూశాడు. జున్ను చేసే ముసలి ఓడిల్‌కి ఆయన అలా నిలబడిపోవడం చూసి జాలేసింది. ఒళ్లో బుట్ట సర్దుకుని, బెంచీ మీద కాస్త జరిగింది.

"ఇలా కూర్చోండి మంత్రిగారూ. ఎంపీగారితో మీకూ పనుందేమో, నా తర్వాత మీరే."

అందులో ఎకసెక్కం ఇసుమంతైనా లేదు. రూషీ టోపీ తీసి ఆమె పక్కన కూర్చున్నాడు.