ఒక పూట బదులు

చాలా ఏళ్ళుగా నాకొక సందేహం ఉంది. ఎవరినీ అడగలేదు. బైబిల్లో విశ్రాంతి దినాన్ని గురించిన ఆజ్ఞలో ఆ రోజు ఎవరెవరు పని చేయకూడదో వరుసగా ఉంటుంది. ఇంటి యజమాని, కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, చివరికి ఇంటికొచ్చిన పరదేశి కూడా. భార్య మాట లేదు. మావారు సంఘపెద్ద. ఆయన గుడిలో దాన్ని గట్టిగా చదివిన ప్రతిసారీ గాడిద తర్వాతైనా నా వంతు వస్తుందేమోనని చెవి పెట్టి వినేదాన్ని. రాలేదు. దేవుడు మరిచిపోయేవాడు కాదు. మరి రాసుకున్నవాళ్ళు మరిచారా, లేక ఆ రోజు కూడా అందరికీ అన్నం ఎవరో ఒకరు వండాలి గనుక వదిలేశారా? ఇలా అనుకోవడం పాపమేమోనని ఇంటికి రాగానే ప్రార్థన చేసుకునేదాన్ని. ప్రార్థన సగంలో ఉండగా కుక్కర్ విజిల్ వేసేది.

నా పేరు రత్నమణి. పుట్టిల్లు వత్సవాయి, కాపురం జగ్గయ్యపేట, చదువు పదో తరగతి. మావారు స్తెఫను గారు హైస్కూలు మాస్టారుగా రిటైరయ్యారు. అబ్బాయి బెన్ని సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. కోడలు జాయిస్‌ది కంచికచర్ల. విమానాలకు సంబంధించిన పెద్ద చదువు ఇంట్లో ఉండే ఆన్‌లైన్‌లో చదువుతోంది. అంతా అయి చివరి ప్రాజెక్టు మిగిలింది. దానికి విమానాల కంపెనీలో పనిచేసేవాళ్ళు ఒకరు మెంటారుగా ఉండాలట. ఆ మెంటారు చూసి సంతకం పెడితేనే డిగ్రీ. హైదరాబాదులో పైలట్లకు డ్యూటీలు వేసే అక్షయ గారు జాయిస్‌కు మెంటారు. ప్రాజెక్టు అలసట మీద. మనిషి ఎంతసేపు పనిచేస్తే విమానానికి ప్రమాదం, ఎంత విశ్రాంతి ఇవ్వాలి అని.

పైలట్లను అడగబోయే ప్రశ్నలు ముందు ఇంట్లో ఎవరినైనా అడిగి చూడమని ఆవిడ చెప్పారట. నేను గోంగూర వలుస్తుంటే జాయిస్ వచ్చి పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, మీ డ్యూటీ ఎప్పుడు మొదలవుద్ది?"

"పాలతను పిలిచినప్పుడు."

"ఎప్పుడు అయిపోద్ది?"

పేపరు వెనక నుంచి మావారు అందుకున్నారు. "ఇంట్లో కూచునేదానికి డ్యూటీ ఏంటమ్మా? పోనీ ఉందనుకో, మీ అత్తయ్యది రిటైర్మెంటు లేని ఉద్యోగం. జీతం లేదు గాబట్టి టాక్సూ లేదు." ఆయన నవ్వారు. జాయిస్ నవ్వలేదు.

"మామయ్యగారు భోజనానికొచ్చేదాకా కూచునుంటారు గదా అత్తయ్యా. అది విశ్రాంతేనా?"

"ఖాళీయేగా."

"కాదు. పిలిస్తే లేవటానికి సిద్ధంగా కూచుంటే దాన్ని స్టాండ్‌బై అంటారు. పైలట్ ఇంట్లో ఉన్నా సరే, దాన్ని కూడా కొంత డ్యూటీలో కలుపుతారు."

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు కోపం రావడం మొదలైంది. గట్టిగా అరిచే కోపం కాదు, పొయ్యి ఆపినా చల్లారని పెనం లాంటిది. నందిగామలో స్కూలు వదిలి ఈయన బస్సు దిగేదాకా అన్నం గిన్నె మీద మూత పెట్టి కూర్చున్న మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. ఆకలేసి ఒకసారి ముందే తింటే, "నా కోసం ఆగలేకపోయావా, రోజంతా ఖాళీయేగా" అన్నారు. మా అత్తగారు, "మగాడికంటే ముందు తిన్న ఆడది ఇల్లు నిలబెట్టదు" అంది. నేను క్షమించమని వేడుకున్నాను. ఆయన్నీ, ఆమెనూ, ఆఖరికి దేవుణ్ణి కూడా. ఎక్కడో ముక్కూ మొహం తెలియని పైలట్ తన ఇంట్లో సోఫాలో కూర్చుంటే, పాపం ఎదురుచూస్తున్నాడని లెక్క రాసేవాళ్ళున్నారు. నన్ను మాత్రం నేను కూడా ఖాళీ అనే అనుకున్నాను.

అక్షయ గారికి ప్రాజెక్టు చూపించడం అప్పటికే రెండుసార్లు తప్పిపోయింది. మొదటిసారి మా ఆడపడుచు వాళ్ళు వచ్చారు. రెండోసారి జాయిస్ ఫోన్లో మాట్లాడుతుండగానే మావారు "అమ్మా జాయిస్, టీ" అని కేకేశారు. "ఒక్క నిమిషం మేడమ్" అని లేచింది. తిరిగొచ్చేసరికి ఆవిడకు వేరే పని పడి ఫోన్ పెట్టేశారు. ఇక ఆవిడ ఇచ్చింది ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట టైము. ఆ వారం దాటితే కాలేజీ గడువు అయిపోతుంది. అది నెలలో మొదటి ఆదివారం. ఆరాధన అయ్యాక పాస్టరు మోజెస్ అయ్యగారూ సంఘపెద్దలూ మా ఇంట్లోనే భోంచేస్తారు.

"ఇంకో వారం అడుగు. చంద్రుడి మీదకి రాకెట్టు పంపిస్తన్నావా ఏంటి?" అన్నాడు బెన్ని.

"జగ్గయ్యపేట బస్టాండులో బస్సే టైముకి రాదు, మా కోడలు పైలట్లని నిద్రపుచ్చుద్దంట" అన్నారు మావారు. తర్వాత గొంతు మార్చి, "దైవజనుడికి అన్నం పెట్టేరోజున పెట్టుకున్న చదువు దీవెనకరం కాదమ్మా" అన్నారు.

జాయిస్ వంటగదిలోకి వచ్చి కత్తిపీట ముందేసుకుంది. "అంతమందికి మీరొక్కరూ వండలేరత్తయ్యా. రాలేనని ఆవిడకి మెసేజ్ పెడతాలే."

"పెట్టమాక" అన్నాను. ఆ క్షణానికి ఏం చేయాలో నాకింకా తెలియదు. ఉల్లిపాయలు తరుగుతుంటే మా అమ్మ ఆరోగ్యమ్మ గుర్తొచ్చింది.

మా వత్సవాయిలో పత్తి తీతలప్పుడు ఆడవాళ్ళు బదులు పెట్టుకునేవాళ్ళు. ఇవాళ నీ చేలో నేను పనిచేస్తే, రేపు నా చేలో నువ్వు చేయాలి. డబ్బుతో తీరదు, మనిషే రావాలి. బదులున్న మనిషి పోతే ఆమె కూతురు వచ్చి ఆ పూట పత్తి తీసి వెళ్ళేది. తీసి గట్టు మీద పోస్తే చాలదు, బస్తాల్లో తొక్కి కుట్టాలి. అప్పుడే పూట తీరినట్టు. మావారు బీఎడ్ చదివేటప్పుడు ఆయన రికార్డులన్నీ నేనే రాశాను. ఊపిరితిత్తులూ పూల భాగాలూ చార్టుల మీద నేనే వేశాను, బెన్నిని ఒళ్ళో పడుకోబెట్టుకుని. ఫస్టుక్లాసు వచ్చిన రోజు మా అమ్మ ముందు ఆయన, "నీకో పూట బదులున్నా మణీ. నీ పని నేను చేస్తా, నువ్వు దొరసానిలా కూచో" అన్నారు. అమ్మ నవ్వి, "బదులంటే తమాషా కాదయ్యా" అంది. ఆయన మరిచారు. నేను మరవలేదు, అడగనూ లేదు.

ఆదివారం గుడికి వెళ్ళేముందు కోడి కడిగి ఉప్పూ కారం పట్టించాను. బియ్యం కొలిచి పెట్టాను. పొయ్యి వెలిగించలేదు. తిరిగొచ్చాక జాయిస్‌ను మేడ మీద గదిలోకి పంపి లోపల గడియ పెట్టుకోమన్నాను. ముందుగదిలో అయ్యగారు, బాలస్వామి గారు, ఇంకో ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. నేనూ ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మణీ, వడ్డించు" అన్నారు మావారు.

"వండలేదండీ."

కుర్చీలో ఇంకాస్త వెనక్కి జరిగాను. "కోడలు పరీక్షలో ఉంది. ఇవాళ వంట మీది. బీఎడ్ నాటి బదులుంది గదా, అది తీర్చండి."

ఆయన అందరి వైపూ చూసి నవ్వారు. "మా ఆవిడకి ఎండ తగిలినట్టుంది."

"అమ్మా, అయ్యగారి ముందు ఏంటిది?" బెన్ని లేచాడు.

"లేచావుగా, వెళ్ళి ఉల్లిపాయలు వేయించు."

బాలస్వామి గారిదీ మా వైపే, పత్తి చేలల్లో పెరిగిన మనిషి. ఆయన నవ్వలేదు. "బదులు నిజంగా ఉందా మాస్టారూ?" అని అడిగారు.

మావారు నవ్వు ఆపి నేలకేసి చూశారు.

"ఉంటే తీర్చాలండి. బదులు ఎగ్గొట్టి అన్నం ముందు ప్రార్థన ఎట్టా చేస్తాం?"

మావారి మొహం నల్లబడింది. కండువా భుజాన వేసుకుని వంటగదిలోకి నడిచారు. వెనకే బెన్ని.

"మణీ, మసాలా ఎక్కడా?" కేక వినపడింది. నా మోకాళ్ళు వాటంతటవే కదిలాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. "అమ్మా, అన్నానికి నీళ్ళెన్ని?" మళ్ళీ కదిలాయి. ఇన్నేళ్ళ స్టాండ్‌బై ఎముకల్లోకి ఇంకిపోయింది. మేడ మీద జాయిస్ గొంతు ఇంగ్లీషులో ఆగకుండా నడుస్తోంది. ఆ గొంతు వింటూ కూర్చున్నాను. ఊరికే కూర్చుంటే నోరు ఊరుకోలేదు.

"అయ్యగారూ, విశ్రాంతి దినం ఆజ్ఞలో గాడిద ఉంది గదా, భార్య మాట ఎందుకు లేదండీ?"

"భార్యాభర్తలు ఏకశరీరం గదమ్మా. యజమానిని అన్నారంటే ఆమెను కూడా అన్నట్టే."

"అట్టయితే ఆయన కూచున్న ప్రతి ఆదివారం నేనూ కూచోవాల్సింది గదండీ."

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను కూడా ఆయన్ను వదిలేయలేదు, జవాబు కోసం చూస్తూనే ఉన్నాను.

వంటగది నుంచి మాడిన వాసన వస్తుండగా జాయిస్ మెట్లు దిగింది. "సంతకం పెట్టారత్తయ్యా" అంది. అంటూనే కాళ్ళు అలవాటుగా వంటగది వైపు తిరిగాయి. చెయ్యి పట్టుకుని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను.

మావారు అయ్యగారికి వడ్డించారు, పెద్దలకు వడ్డించారు. తర్వాత గరిటె పట్టుకుని మా ఇద్దరి ముందుకు వచ్చారు. చొక్కా అంతా చెమట. కూర అడుగంటింది, ఉప్పు ఎక్కువైంది. ఏమీ అనకుండా తిన్నాను. అందరూ చేతులు కడుక్కున్నాక వచ్చి నెమ్మదిగా అడిగారు.

"తీరిందా?"

"గిన్నెలున్నాయండీ."

ఆయన బాలస్వామి గారి వైపు చూశారు. ఆయన, "బస్తా కుట్టాలిగా మాస్టారూ" అన్నారు.

పెరట్లో పంపు విప్పిన చప్పుడు, తర్వాత చాలాసేపు మాడిన గిన్నెను పీచుతో రుద్దుతున్న చప్పుడు. చివరి గిన్నె అరుగు మీద బోర్లించడం విన్నాక, కుర్చీలోంచి లేవకుండానే చెప్పాను.

"తీరిందండీ."