మేయరుగారు పాఠం అప్పజెప్పిన రోజు

వెర్నసాల్ ఊళ్లో ఒర్తాన్స్ టీచరమ్మ చేత చెవి మెలిపెట్టించుకోని మనిషి లేడు. బేకరీ ఆయన, పోస్ట్‌మాన్, ఆఖరికి మేయరు రెజీస్ విదలాంక్ కూడా ఆవిడ ముందు "నేను, నీవు, అతడు" అంటూ క్రియాపదాలు వల్లె వేసినవాళ్లే. పిలిస్తే లేవాలి, చేతులు వెనక్కి కట్టుకోవాలి, తడబడకుండా అప్పజెప్పాలి. ఆ బడిలో పద్ధతి అది. తడబడితే మళ్లీ మొదటినుంచి.

ఆ ఆదివారం ఊరి హాల్లో విందు. టీచరమ్మ రిటైరవుతోంది. ఆవిడతోపాటు బడిని కూడా రిటైర్ చేసేద్దామని మేయరుగారి ఆలోచన. పిల్లల్ని బస్సెక్కించి కొండ కింద పెద్ద ఊరికి పంపేలా సోమవారం తీర్మానం పెడుతున్నాడు. ఈ రెజీసే ఎన్నికలప్పుడు బడి మెట్లమీద నిలబడి, గుండెమీద చెయ్యి వేసుకుని, "నేనుండగా ఈ తలుపు మూతపడదు, ఒట్టు!" అన్నాడు. పక్కనున్న కౌన్సిలర్లు కూడా "ఒట్టు, ఒట్టు" అన్నారు. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది.

టీచరమ్మకు తన ఉద్యోగం పోతోందని బెంగ లేదు, ఆవిడ మోకాళ్లు ఎప్పుడో రిటైరయ్యాయి. బడి మాత్రం ఉండాలి. పొద్దున్నే పిల్లల గోల వినిపించని ఊళ్లో కిటికీ తెరుచుకుని కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. తీర్మానం ఆపగలిగినవాడు మేయరొక్కడే, ఊరంతా ఒక్కచోట చేరేది ఈ ఒక్క పూటే.

"మొహమ్మీదే కడిగెయ్యండి టీచరమ్మా! మీరడిగితే కాదంటాడా?" అంది బడిలో వంటచేసే జోసెట్, ఆలుగడ్డల ముద్దలో చీజ్ వేసి తీగలా సాగదీస్తూ.

"అడిగితే వాడి దగ్గర సమాధానం రెడీగా ఉంటుందే. ఇన్నేళ్లు రాజకీయం చేసినవాడు. నేనడగను. వాడి నోటితోనే చెప్పిస్తా చూడు."

మేయరు తన పదవికి గుర్తయిన మూడురంగుల పట్టీ కట్టుకుని ఉపన్యాసం మొదలుపెట్టాడు. మా టీచరమ్మ లేని బడిని ఊహించలేం అన్నాడు. అందుకే కాబోలు, ఊహించే శ్రమ లేకుండా మూసేస్తున్నాడు. పక్కవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అది దుఃఖమో, ఉపన్యాసానికి ముందు తాగిన జెన్షియన్ వేళ్ల సారాయి ఘాటో చెప్పడం కష్టం.

టీచరమ్మ లేచి నిలబడింది.

"రెజీస్!"

మేయరు చేతులు వాటంతటవే వెనక్కి వెళ్లిపోయాయి.

"ఒట్టు పెట్టడం. మొదటి గణం క్రియ. జరిగిపోయినదానికంటే ముందే జరిగిపోయిన కాలంలో, అన్ని పురుషల్లోనూ. ఊఁ, కానియ్."

ఆ కాలాన్ని ఎంచుకున్నందుకు ఆవిడ వారంనుంచీ లోలోపల మురిసిపోతోంది. వీడు బడి మూసెయ్యాలనుకున్నాడు, అంతకుముందే ఒట్టు పెట్టి ఉన్నాడు అని చెప్పడానికి ఇంతకంటే అతికినట్టు సరిపోయే కాలం ఎక్కడుంది? "నేను" దగ్గర వాడికి చెమట పడుతుంది. "మేము" దగ్గర కౌన్సిలర్లు పళ్లేల్లోకి చూసుకుంటారు. "మీరు" దగ్గర ఊరివాళ్లకు సిగ్గేస్తుంది. ఇంక సోమవారం ఏ మొహం పెట్టుకుని చెయ్యెత్తుతారు?

మేయరు గొంతు సవరించుకుని కళ్లు మూసుకున్నాడు.

"నేను అంతకుమునుపే ఒట్టు పెట్టియుంటిని."

చెమట పట్టలేదు. గొంతు మాత్రం తొమ్మిదేళ్ల కుర్రాడిదయింది, అదే రాగం, అదే ఊపు.

"నీవు అంతకుమునుపే ఒట్టు పెట్టియుంటివి. అతడు అంతకుమునుపే ఒట్టు పెట్టియుండెను."

"మేము" అనేసరికి కౌన్సిలర్లు లేచారు. పళ్లేల్లోకి చూడటానికి కాదు, గొంతు కలపడానికి. చేతులు వెనక్కి కట్టుకుని, "ఒట్టు పెట్టియుంటిమి!" అని ఒక్క గొంతుతో అరిచారు. "మీరు"కి బేకరీ ఆయన బల్లవాళ్లంతా లేచారు. "వారు"కి హాలు కప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. జోసెట్ కూడా గరిటెతో గిన్నెమీద తాళం వేస్తూ పాడేసింది.

ఆపైన చప్పట్లే చప్పట్లు.

"ఒక్క ముక్క తప్పలేదే! అదీ చదువంటే!" అన్నాడు పోస్ట్‌మాన్. "ఇలాంటి మేయరు ఏ ఊరికున్నాడు?" అంది ఇంకెవరో.

ఒర్తాన్స్ టీచరమ్మ ఒక్కో మొహమే వెతికి చూసింది. వీళ్లు తనను వెక్కిరించడం లేదు. దొంగాట ఆడటమూ లేదు. అంతకంటే ఘోరం, వీళ్లు నిజంగా సంతోషంగా ఉన్నారు. తాను నేర్పింది నేర్పినట్టు, పొల్లు పోకుండా తిరిగి ఇచ్చారు. ఇన్నేళ్లలో ఎంతమంది చేత ఎన్ని క్రియలు అప్పజెప్పించుకుందో లెక్కలేదు గానీ, అప్పజెప్పినవాణ్ణి ఆపి, "ఇప్పుడు నువ్వేమన్నావురా?" అని ఒక్కసారైనా అడిగిన గుర్తు లేదు. ఆవిడకు ఏడుపొచ్చింది.

మేయరు దగ్గరికొచ్చి ఆవిడ రెండు బుగ్గలమీదా ముద్దుపెట్టాడు. వాడి కళ్లలోనూ నీళ్లే, నిజమైనవే.

ఆవిడ వాడి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "రెజీస్, నాయనా, నావైపు చూడు. ఇప్పుడు నువ్వేమన్నావు?"

"ఒట్టు పెట్టడం టీచరమ్మా!" అన్నాడు వాడు వెలిగిపోతున్న మొహంతో. "మొదటి గణం! ఇన్నేళ్లయినా మర్చిపోలేదు చూశారా?"

"అది కాదురా. ఏమిటన్నావు?"

వాడి మొహంలో వెలుగు కాస్త తగ్గింది. చేతులు మళ్లీ వెనక్కి వెళ్లాయి. "ఎక్కడైనా తప్పు చెప్పానా టీచరమ్మా?"

హాలంతా ఆవిడనే చూస్తోంది. తప్పు ఎక్కడుంది? వెతికినా ఒక్కటి దొరకలేదు.

"లేదు నాయనా," అంది ఆవిడ. "పదికి పది."