మూడో పేరాలో చేపలు

ఏలూరు ఎండలో కోటు వేసుకుని తిరిగే మనిషిని నమ్మకూడదని కెజియా మొదటిరోజే అనుకుంది. అనుకుని ఏం లాభం? ఆ కోటు మనిషి చేతిలోనే ఆమె ఉద్యోగం ఇరుక్కుపోయింది.

ఆ మహానుభావుడి పేరు చరణ్‌తేజ. సొంతూరు తాడేపల్లిగూడెం. ఉల్లిపాయల మార్కెట్ ఎదురుగా, మేడమీద గదిలో నాలుగేళ్ళు స్పోకెన్ ఇంగ్లీషు చెప్పాడు. పిల్లలు రాక అది మూసేసి బెంగుళూరు వెళ్ళాడు. అక్కడ ఆరు నెలలు ఏం వెలగబెట్టాడో ఆ దేవుడికే తెలియాలిగాని, తిరిగొచ్చేసరికి కార్పొరేట్ కమ్యూనికేషన్ కోచ్ అయిపోయాడు. ఏ ఊరండీ అని ఎవరైనా అడిగితే ‘వైజాగ్‌కి కాస్త ఇవతల’ అనేవాడు. గూడెం అంటే నాలుక కాలుతుందేమో మరి!

అతణ్ణి ఇంగ్లీషు నేర్పడానికి పెట్టుకున్న కెజియా కంపెనీ సంగతి కూడా చెప్పాలి. కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువుల్లో వీళ్ళొక డబ్బా దింపుతారు. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో ఆ డబ్బా కొలిచి, ఏలూరు ఆఫీసులో తెరమీద చూపిస్తుంది. ఆ తెర ముందు కూర్చుని, ఎక్కడైనా తేడా వస్తే మేనేజరు జయంత్‌కి ఇంగ్లీషులో మెయిల్ పెట్టడం కెజియా పని. దాన్ని రైతు ఫోనుకి పంపడం జయంత్ పని. మధ్యలో ఎవరూ రైతుతో సొంతంగా ఫోనులో మాట్లాడకూడదు. అది కంపెనీ రూలు. రైతు తెలుగువాడు, కెజియా తెలుగమ్మాయి, జయంత్ తెలుగువాడు, చేపలు కూడా తెలుగు నీళ్ళలోనే ఈదుతున్నాయి. అయినా కబురు మాత్రం ఇంగ్లీషులోనే వెళ్ళాలి. హెడ్డాఫీసువాళ్ళు చదువుకోవాలట!

కెజియా భీమడోలు నుంచి రోజూ పాసింజరులో వచ్చేది. ఆక్వాకల్చర్ చదివింది. చదివిన చదువుకి పని దొరక్క నల్లజర్లలో ఒక ప్రైవేటు స్కూల్లో రెండేళ్ళు ఎల్‌కేజీ పిల్లల ముక్కులు తుడిచింది. ఇన్నాళ్ళకి చేపల పక్కకి చేరగలిగింది. నీళ్ళ రంగు చూసి చెరువు జబ్బు చెప్పగల మనిషి ఆ ఆఫీసు మొత్తానికి ఆమె ఒక్కతే. కానీ ఆరు నెలల ప్రొబేషను ఈ శుక్రవారంతో అయిపోతోంది. పర్మినెంటు కావాలంటే చరణ్‌తేజ పదికి ఆరు మార్కులైనా వెయ్యాలి. వెయ్యకపోతే మళ్ళీ నల్లజర్ల, మళ్ళీ ముక్కులు.

రోజూ మూడింటికి క్లాసు. మొదటి క్లాసులోనే చరణ్‌తేజ బోర్డుమీద రెండు బ్రెడ్డు ముక్కలు గీసి, వాటి మధ్య చిన్న చుక్క పెట్టాడు.

“ఇదే ప్రొఫెషనల్ ఇంగ్లీష్. మొదటి పేరా పలకరింపు. రెండో పేరా పొగడ్త. మూడో పేరాలో విషయం, అదీ మెత్తగా. నాలుగో పేరా మళ్ళీ పొగడ్త. ఐదో పేరా కృతజ్ఞతలు. చేదు విషయాన్ని బ్రెడ్డు మధ్య పెట్టి తినిపించాలి. అర్థమైందా?”

అర్థం కాకేం? బ్రెడ్డు ఇంత లావున్నాక కూర ఎక్కడుందో వెతుక్కునేలోపే కడుపు నిండిపోతుందని అందరికీ అర్థమైంది.

రెండో క్లాసులో నిషేధించిన మాటల జాబితా ఇచ్చాడు. సమస్య అనకూడదు, నష్టం అనకూడదు, వెంటనే అనకూడదు, చచ్చిపోవడం అసలే అనకూడదు.

“కార్పొరేట్ ప్రపంచంలో ఏదీ చచ్చిపోదు మిస్ కెజియా.”

“మరి చేపలేమవుతాయండీ?” అంది కెజియా.

“ఆశించిన ఫలితానికి కొంచెం దూరంగా వెళ్తాయి.”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. చరణ్‌తేజ నవ్వలేదు. నిజంగానే అన్నాడు పాపం.

అసలు ఈ జిల్లావాళ్ళకి మర్యాద నేర్పడానికి ఒకడు దిగడమేమిటి, ఖర్మ కాకపోతే! ఇక్కడ సైకిలెత్తుకుపోతున్న దొంగని పట్టుకున్నా ‘ఏవండీ, అది మా సైకిలండీ’ అంటారు. మర్యాదంతా ఆ చివరి అండీలో ఉంటుంది. అయితే సైకిలు సంగతి మాత్రం ముందే చెప్పేస్తారు. దొంగ ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కుని, వాడి తొక్కుడు మెచ్చుకుని, మూడో పేరాలో సైకిలు అడిగితే వాడు అప్పటికి దెందులూరు దాటేస్తాడు. ఇంత చిన్న విషయం ఆ కోటుకి ఎక్కలేదు.

గురువారం పరీక్ష. ఆ రోజు క్లాసు టైములో తెరమీద ఏం వస్తే దాన్నిబట్టి నిజం మెయిల్ రాయాలి. చరణ్‌తేజ దిద్ది సరే అన్నాకే అది జయంత్‌కి వెళ్ళాలి.

మూడు రోజులుగా మబ్బు. ఆకు కదలడం లేదు. ఒకటే ఉక్క. కెజియా పొద్దుట్నుంచీ తెరవంక అనుమానంగానే చూస్తోంది. మూడూ పదికి సుబ్బారావు గారి చెరువు అంకె ఎర్రగా మారింది. ఆ వేళకి ఎంత మబ్బున్నా అయిదైనా ఉండాల్సిన ఆక్సిజన్ రెండున్నరకి దిగిపోయింది. పగలే ఇలా ఉంటే, రాత్రంతా ఇంకా దిగి తెల్లవారుజాముకి ఏమవుతుందో ఆమెకి తెలుసు. చదువుకునే రోజుల్లో ఒకసారి చూసింది. చెరువు నిండా తెల్లటి పొట్టలు, గట్టుమీద తలపట్టుకు కూర్చున్న మనిషి. అతను ఏడవడం కూడా మర్చిపోయాడు. ఆ వాసన వారం రోజులు ఆమె ముక్కుని వదల్లేదు.

ఆమె ఇంగ్లీషులో గబగబా మూడు ముక్కలు రాసింది. తెలుగులో చెప్పాలంటే ఇంతే: ‘సుబ్బారావు గారి చెరువులో ఆక్సిజన్ రెండున్నరకి పడిపోయింది. వెంటనే నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు వెయ్యాలి, మేత ఆపాలి. లేకపోతే తెల్లారేసరికి చేపలన్నీ చచ్చిపోతాయి.’

చరణ్‌తేజకి ప్రింటు తీసిన కాగితమే కావాలి. ఎర్రపెన్ను పట్టుకుంటేగాని ఆయన గారికి జ్ఞానం పొంగదు. మూడు వాక్యాల్లో రెండు కొట్టేసి, అడుగున టైము వేసి, పాములా మెలికలు తిరిగిన సంతకం పెట్టి, రెండు మార్కులు వేశాడు.

“చాలా మొరటుగా ఉంది మిస్ కెజియా. పలకరింపేదీ? మళ్ళీ రాసుకు రండి.”

“సార్, ఇది అర్జంటండీ.”

“అర్జంటు అన్నది మన ఆందోళన. దాన్ని చదివేవాళ్ళ నెత్తిన రుద్దకూడదు.”

ఒళ్ళు మండింది ఆమెకి. మండినా వెళ్ళి పలకరింపు చేర్చి తెచ్చింది. నాలుగు మార్కులు. పొగడ్త లేదట. తెరమీద అంకె రెండుకి దిగింది. పొగడ్త కూడా చేర్చి, చచ్చిపోతాయి అన్న మాట తీసేసి తెచ్చింది. ఈసారి కోచ్ గారి మొహం వెలిగిపోయింది.

ఆ మెయిల్ ఇలా ఏడిసింది: ‘ఈ చక్కని సాయంత్రం మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. సుబ్బారావు గారి చెరువు మన కుటుంబంలో భాగం కావడం మాకెంతో గర్వకారణం. అక్కడి నీటి పరిస్థితుల్లో మెరుగుపరచుకోదగిన అవకాశం ఒకటి కనిపిస్తోంది, వీలువెంబడి గాలి ప్రసరణ గురించి ఆలోచించవచ్చు. మీ నాయకత్వంలో ఇలాంటి అవకాశాలు మరెన్నో రావాలి. కృతజ్ఞతలు.’

తొమ్మిది మార్కులు! ఆ బ్యాచిలో అందరికంటే ఎక్కువ. టైము నాలుగూ యాభై. కింద పాము సంతకం.

మెయిల్ వెళ్ళిన అయిదు నిమిషాల్లో విజయవాడలో మీటింగులో ఉన్న జయంత్ నుంచి జవాబొచ్చింది. రెండు చప్పట్ల బొమ్మలు, పక్కన ‘చాలా సంతోషం, ఇలాగే కొనసాగించండి, రేపు కస్టమర్‌కి పంపుతాను’ అని.

రేపట! కెజియా ఆ మాటవంక చూసింది, తెరవంక చూసింది. అంకె ఒకటీ ఎనిమిది. చేతిలో తొమ్మిది మార్కుల కాగితం ఉంది. అది పట్టుకుని ఇంటికెళ్ళిపోతే రేపు పర్మినెంటు. అమ్మ రాజకుమారి, దేవుడు మేలు చేశాడని చర్చిలో సాక్ష్యం చెప్పుకోవడానికి ఆరు నెలలుగా కాచుకుని కూర్చుంది. ఎవరూ కెజియాని తప్పుపట్టరు. మెయిల్ పెట్టింది, మార్కులొచ్చాయి. చేపలు పోతే అది సుబ్బారావు గారి రాత అంటారు.

ఆమె ఫోను తీసింది.

“మిస్ కెజియా, ఎవరికి?” అన్నాడు చరణ్‌తేజ.

“సుబ్బారావు గారికండీ.”

“రూలు తెలుసు కదా? మీరు ఫోన్ చేస్తే ఈ తొమ్మిది సున్నా అవుతుంది.”

“చేసుకోండి సార్” అంది కెజియా. అంటూనే నంబరు నొక్కేసింది.

“సుబ్బారావు గారూ, కెజియానండీ, ఏలూరు డబ్బా ఆఫీసు నుంచి. ఏరియేటర్లు ఇప్పుడే వేసెయ్యండి. మేత ఆపెయ్యండి. ఆక్సిజన్ పడిపోయిందండీ.”

“ఎంతుందమ్మా?”

“రెండు కూడా లేదండీ.”

“అమ్మబాబోయ్! వేసేస్తున్నానమ్మా, ఉండు!”

అంతే. చరణ్‌తేజ సంతకం పెట్టేంత సేపు కూడా పట్టలేదు. ఆయన అదే కాగితం మీద తొమ్మిది కొట్టేసి గుండ్రంగా సున్నా చుట్టాడు. చేతిరాత బాగుంటుంది, కాదనలేం.

శుక్రవారం పదకొండింటికి సుబ్బారావు గారు ఆఫీసుకొచ్చాడు. అరవయ్యేళ్ళ మనిషి, మోకాళ్ళ దాకా మడిచిన పంచె, చేతిలో ఐసు కారుతున్న సంచి. సంచిలో రెండు పెద్ద బొచ్చె చేపలు.

“నాకు ఫోన్ చేసిన అమ్మాయేదండీ? నువ్వేనా తల్లీ? తెల్లారగట్ల చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుచుకున్నాయమ్మా. ఏరియేటర్లు తిరుగుతున్నాయి గనక బతికాయి. గంపెడు పోయాయి, మిగతావన్నీ ఉన్నాయి. ఈ రెండూ మీ అమ్మకిచ్చి పులుసు పెట్టమను.”

జయంత్ తన గదిలోంచి నవ్వుకుంటూ వచ్చాడు. “మా సిస్టమ్ మీకు పనికొచ్చినందుకు సంతోషం సుబ్బారావు గారూ.”

“ఆఁ, మీ కబురు కూడా వచ్చిందండోయ్, ఇందాక పదింటికి. ఇంగ్లీషులో ఉంది. ఏవమ్మా, ఇదేంటో చదివి పెట్టు” అని ఫోను కెజియాకిచ్చాడు.

కెజియా జయంత్‌వంక చూసింది. చదవమన్నది కస్టమరాయె. చదివింది.

“సాయంత్రం చక్కగా ఉంది, కులాసానా అంటున్నారండీ.”

“పొద్దుటి పూటా? సరే, తర్వాత?”

“మీ చెరువంటే గర్వంగా ఉందంటున్నారండీ.”

“బావుంది. చేపలు పోతాయని ఎక్కడుందమ్మా?”

“మూడో పేరాలోనండీ. పోతాయని లేదండీ. వీలైతే గాలి గురించి ఆలోచించుకోమని ఉంది.”

సుబ్బారావు గారు పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడు. “మీ మూడో పేరా వచ్చేసరికి నా చేపలు వాసనొచ్చేస్తాయి కదయ్యా! ఇది రాసిన పెద్దమనిషెవరండీ బాబూ?” ఆఫీసంతా తలొంచుకుని నవ్వింది. చరణ్‌తేజ కోటు గుండీ సర్దుకున్నాడు. జయంత్ చెవులు ఎర్రబడ్డాయి.

మధ్యాహ్నం రెండింటికి కెజియా టేబుల్ మీదకి కవరొచ్చింది. కింద సంతకం జయంత్‌ది. రాత ఎవరిదో ఆ మెత్తదనమే చెబుతోంది.

మొదటి పేరాలో ఆమె ఆరోగ్యం బాగుండాలని కోరుకున్నారు. రెండో పేరాలో ఆమె కంపెనీకి దొరికిన ఆణిముత్యమనీ, ఆపదలో ఆమె చూపిన చొరవని అందరూ ఆదర్శంగా తీసుకోవాలనీ రాశారు. పిచ్చి పిల్ల, అక్కడిదాకా చదివి నిజంగానే పర్మినెంటు అనుకుంది. అమ్మకి ఫోన్ చేద్దామని చెయ్యి సెల్లుమీదకి కూడా పోయింది. అప్పుడు మూడో పేరా చదివింది. ఆమె ప్రతిభకి తగిన కొత్త అవకాశాలవైపు సాగిపోయే స్వేచ్ఛని ఈ రోజు సాయంత్రం నుంచి కంపెనీ ఆమెకి ఆనందంగా కల్పిస్తోందట. రెండుసార్లు చదివితేగాని పీకేశారని తెలియలేదు. నాలుగో పేరాలో మళ్ళీ ఆణిముత్యం. ఐదులో కృతజ్ఞతలు.

ఏడుపొచ్చింది. మెట్లమీద కూర్చుని ఏడ్చింది కూడా. పొమ్మన్నందుకు కాదు. ఆ రెండో పేరా చదువుతూ ఒక్క నిమిషం సంతోషపడింది చూడండి, అందుకు. చంపదలుచుకుంటే చంపొచ్చు, ముందు ముద్దు చెయ్యడమెందుకు? ముక్కు తుడుచుకుని, కింద కొట్టుకెళ్ళి ఒక ఎర్రపెన్ను కొనుక్కుంది.

మూడింటికి క్లాసు మొదలైంది. చరణ్‌తేజ బోర్డుమీద మళ్ళీ బ్రెడ్డు గీస్తున్నాడు. తలుపు తోసుకుని కెజియా వచ్చింది. ఒక చేతిలో చేపల సంచి, ఇంకో చేతిలో కాగితం.

“సార్, ఈ ఉత్తరం మీరు రాసిందేనాండీ?”

ఆయన బ్రెడ్డు గియ్యడం ఆపాడు. “డ్రాఫ్టింగులో కొంచెం సాయం చేశాను.”

ఆమె కాగితం టేబుల్ మీద పెట్టింది. అయిదు పేరాలూ ఎర్రగా కొట్టేసి ఉన్నాయి. వాటి కింద పెద్ద అక్షరాలతో ఒక్క వాక్యం: ‘రేపటి నుంచి పనిలోకి రావద్దండీ.’ ఆ పక్కన టైము, ఇంకా పక్కన ఆమె సంతకం.

“విషయం తెలుసుకోవడానికి రెండుసార్లు చదవాల్సొచ్చిందండీ. అందుకని రెండే మార్కులు వేశాను” అంది కెజియా. “మళ్ళీ రాసుకు రండి సార్.”