జెసాంగ్ ఆదివారాలు

చర్చికని చెప్పి వెళ్ళిన పిల్ల బైబిలు మంచం మీదే వదిలేసి వెళ్తుందా? జెలగత్ దుప్పటి ఎత్తి మళ్ళీ చూసింది. నల్ల అట్ట, చిరిగిన మూల. సందేహం లేదు, జెసాంగ్ బైబిలే. కిందటి ఆదివారం మరిచిపోయి ఉంటుందిలే అనుకుంది. ఈ ఆదివారం కూడా అది అక్కడే ఉండేసరికి అనుమానం మొలకెత్తింది.

ఐటెన్ కొండ అంచున ఉన్న ఆ శిబిరంలో పద్నాలుగు మంది ఆడపిల్లలు. అందరూ పదహారు పదిహేడేళ్ళ వాళ్ళే, అందరివీ దూరపు పరుగులే. కోచ్ కిమోసోప్ పెట్టిన నియమాలు చాలా ఉన్నా ఒక్కదాని జోలికి మాత్రం ఎవరూ పోరు. ఆదివారం ఎవరూ పరుగెత్తకూడదు. శనివారం పొడుగు పరుగు అయ్యాక అందరూ బూట్లు కడిగి ఆరబెట్టాలి. సాయంత్రానికి అవన్నీ కోచ్ గదిలోని రేకుపెట్టెలోకి వెళ్ళాలి. తాళంచెవి ఆయన మెళ్ళో ఉంటుంది. సోమవారం తెల్లవారితే గాని పెట్టె తెరుచుకోదు. ఆదివారం పరుగెత్తి దొరికిపోయిన పిల్ల మర్నాడు మూటాముల్లె సర్దుకుని ఊరి బస్సెక్కాల్సిందే.

"ఒక్కరోజు పడుకుంటే కొంపలేం మునగవు," అంటాడాయన ప్రతి శనివారమూ పెట్టె మూస్తూ.

కొంపలు మునుగుతాయని జెలగత్ భయం. కౌంటీ జట్టులో ఆరు కిలోమీటర్ల పరుగుకు ఈ శిబిరం నుంచి ఒక్కరినే తీసుకుంటారు. ఆ ఒక్కరికే వసతి బడిలో సీటు. మిగిలిన వాళ్ళు ఇంటికి పోవాలి. జెలగత్‌కు ఇల్లంటే నాండీ కొండల్లో టీ ఆకు కోయడం. పోటీలో నిజంగా ఉన్నది ఇద్దరే, తనూ జెసాంగూ. ఆ ఇద్దరికీ ఒకటే గది. ఇప్పటికైతే ప్రతి మంగళవారం పోటీ పరుగులో తనే యాభై అడుగులు ముందుంటోంది. ఇప్పటికైతే.

ఆ సాయంత్రం నాలుగింటికి జెసాంగ్ తిరిగొచ్చింది. జుట్టు నిండా ఎర్రదుమ్ము, కనుబొమల నిండా ఎర్రదుమ్ము. ఆ మట్టిరోడ్డు మీద పరుగెత్తే వాళ్ళందరికీ తెలుసు, పక్కనుంచి లారీ పోతే దుమ్ము సరిగ్గా అలాగే కనుబొమల్లో కూర్చుంటుంది. పైగా ఆ పిల్ల వంటింట్లోకి వచ్చి మొక్కజొన్న పిండితో చేసిన ఉగాలి ముద్ద తిని, ఇంకో ముద్ద పెట్టించుకుంది.

వంట చేసే తప్సుబే అవ్వ గరిటె ఎత్తి నవ్వింది. "ఏమ్మోయ్, దేవుడు ఇవాళ నీ చేత బాగా పని చేయించినట్టున్నాడే!"

"పాటలెక్కువ పాడామవ్వా, ఆకలేసింది," అంది జెసాంగ్, ఆకుకూర నంజుకుంటూ.

పాటలట! ప్రార్థనలో కూర్చుని వచ్చిన వాళ్ళకు ఇంత ఆకలా? పోనీ శిబిరంలో ఉండి చాకిరీ చేసిందా అంటే అదీ లేదు. విశ్రాంతి రోజని పేరే గాని, ఆదివారం వచ్చిందంటే అవ్వ ఆడపిల్లల్ని క్షణం కూర్చోనివ్వదు. నీళ్ళు మోయి, కూరమడి కలుపు తియ్యి, దుప్పట్లు ఉతుకు అంటుంది. పగటి పూట నడుం వాల్చిన పిల్లను చూస్తే, "అత్తింట్లో కూడా ఇలాగే పడుకుంటావా తల్లీ?" అని అందరి ముందూ ఆడిపోసుకుంటుంది. ఆవిడ నోటికి జడిసి ఎవరూ మంచం ఎక్కరు. ఆ రోజు జెసాంగ్ వాటా నీళ్ళు కూడా జెలగతే మోసింది. భుజం నొప్పి కంటే కడుపులో మంట ఎక్కువైంది.

దొంగచాటుగా పరుగెత్తుతోంది. అంతే. బూట్లు లేకపోతేనేం, పుట్టినప్పటి నుంచీ వట్టికాళ్ళతో బడికి పరుగెత్తిన వాళ్ళమే కదా. కోచ్‌కు తెలియదా? తెలిసే ఊరుకుంటున్నాడేమో. ఆయనదీ జెసాంగ్ వాళ్ళమ్మదీ ఒకే వంశం.

తర్వాతి ఆదివారం జెలగత్ కట్టెలకని చెప్పి నీలగిరి తోపులోకి వెళ్ళింది. తాడు చెట్టుకు కట్టేసి, గౌను ఎగదోపి, వట్టికాళ్ళతో గంటన్నర పరుగెత్తింది. తప్పు చేస్తున్నానని ఒక్కసారి కూడా అనిపించలేదు. మొదలుపెట్టింది తను కాదు కదా.

ఆ మంగళవారం జెసాంగ్ ఇరవై అడుగుల దూరంలోకి వచ్చేసింది.

"చూశావా!" అనుకుంది జెలగత్. ఆదివారాల పని ఇప్పుడు బయటపడుతోందన్నమాట. ఇంకో ఆదివారం రెండు గంటలు పరుగెత్తింది. ఆ మంగళవారం ఇద్దరూ పక్కపక్కనే వచ్చారు. మూడో ఆదివారం వాగు దాటి కొండ మలుపు దాకా పోయింది. ఆ మంగళవారం జెసాంగ్ ముప్పై అడుగులు ముందు. జెలగత్‌కు ఊపిరి అందలేదు. ఎడమకాలి పిక్క ముందరి ఎముక సలిపింది. ఉప్పునీళ్ళ కాపడం పెట్టుకుని, ఎవరైనా అడిగితే మంచం కోడు తగిలిందని చెప్పింది. జెసాంగ్ మాత్రం రోజురోజుకూ తేటబడుతోంది. ఆ నిగనిగ చూస్తుంటే జెలగత్‌కు ఒళ్ళు మండిపోయేది.

ఎంపిక పరుగు బుధవారమనగా, ఆ ముందు శనివారం బూట్లు ఇచ్చేటప్పుడు ఇక ఉండబట్టలేక నోరు తెరిచింది.

"సార్, జెసాంగ్ ఆదివారాలు పరుగెడతంది."

కోచ్ పెట్టె మూత పట్టుకునే ఆగిపోయాడు. "నువ్వు చూశావా?"

"చర్చికి పోతున్నానంటది, బైబిలు ఇక్కడే ఉంటది. సాయంత్రానికి దుమ్ము కొట్టుకుని వస్తది. వాళ్ళ పెద్దమ్మ పొలం వైపే పోతది సార్."

"పెద్దమ్మ పొలం నాకు తెలుసు. రేపు నేనే చూస్తాలే. నువ్వు నోరు మూసుకుని రెస్టు తీసుకో."

నోరు మూసుకోమన్నాడు! ఎందుకు? ఆయనే వెళ్ళి జెసాంగ్‌కు ముందే చెప్పి సర్దేయడానికి కాదూ? ఇలాంటివి కళ్ళారా చూస్తే గాని లాభం లేదని జెలగత్ నిశ్చయించుకుంది.

పొద్దున్న జెసాంగ్ బయలుదేరగానే వెనకే నడిచింది. టీ కొట్టు మలుపులో ఒక కుర్రాడి మోటారుసైకిలు ఆగి ఉంది. జెసాంగ్ ఎక్కి కూర్చుంది. బండి ఎర్రగా దుమ్ము లేపుకుంటూ పోయింది. జెలగత్‌కు అంతా అర్థమైపోయింది. బండి మీద లోయ అడుగు దాకా దిగి, అక్కడి నుంచి ఎత్తు ఎక్కుతూ పరుగెత్తుకొస్తుంది! అంతకు మించిన సాధన ఇంకోటి లేదు. ఎంత తెలివి!

చెప్పులు తీసి చేత్తో పట్టుకుని జెలగత్ కూడా పరుగందుకుంది. ఎనిమిది కిలోమీటర్లు. సగం దారిలోనే ఎముక సూదితో పొడిచినట్టు ఉంది. ఎదురుగా జెసాంగ్ పరుగెత్తుతూ వస్తుందని ప్రతి మలుపులోనూ చూసింది. రాలేదు. దిగువన పెద్దమ్మ పొలం వచ్చింది. ఇంటి ముందు బండి ఉంది. పక్కనే ధాన్యం కొట్టు తలుపు ఓరగా తెరిచి ఉంది.

జెలగత్ రొప్పుతూ లోపలికి తొంగిచూసింది. మొక్కజొన్న బస్తాల మీద జెసాంగ్ వెల్లకిలా పడి నిద్రపోతోంది. నోరు తెరుచుకుని ఉంది. గడ్డం మీద చొంగ కారుతోంది.

"లేవే!" జెలగత్ ఆ పిల్ల కాలు పట్టుకుని ఊపింది. "దొంగ నిద్రలు నా దగ్గర కాదు!"

జెసాంగ్ కళ్ళు నులుముకుంది. "నువ్వా? ఏంటే, ఏమైంది? అవ్వ పంపించిందా?"

"ఏం చేస్తన్నావిక్కడ?"

"కనబట్టంలా? పడుకున్నా. అక్కడ పడుకోనిస్తదా ఆ ముసల్ది? కోచేమో రెస్టు అంటాడు, ఆవిడేమో బిందె అంటది. అందుకే వస్తన్నా. అవ్వతో చెప్పకే, నీ కాళ్ళు పట్టుకుంటా, ఊరంతా సోమరిపోతంటది..." మధ్యలో ఆగి జెలగత్‌ను కిందికీ పైకీ చూసింది. "నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చావా? ఇవాళా?"

జెలగత్ జవాబు చెప్పేలోగా వాకిట్లో కారు ఆగింది. కోచ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నిద్రకళ్ళ పిల్లను చూశాడు, చెమటలు కక్కుతున్న పిల్లను చూశాడు. జెలగత్ ముందు మోకాలి మీద కూర్చుని, ఎడమకాలి ఎముక మీద బొటనవేలితో నొక్కాడు. జెలగత్ కెవ్వుమంది.

"ఎన్ని ఆదివారాల నుంచి?"

"ఇవాళ్టితో నాలుగు సార్."

"సార్, తను నన్ను చూడ్డానికి..." జెసాంగ్ అడ్డొచ్చింది.

"నువ్వు పడుకోమ్మా." ఆయన జెలగత్ వైపే చూస్తున్నాడు. "నాలుగు ఆదివారాల కింద ఈ పిల్ల కంటే ఎంత ముందుండేదానివి?"

"యాభై అడుగులు."

"మరి ఆ యాభై అడుగులూ ఎవరు పట్టుకుపోయారు?"

జెలగత్ లెక్క వేసుకుంది. బైబిలు రెండోసారి చూసిన వారం కూడా తనే ముందుంది. తోపులోకి వెళ్ళిన వారం నుంచే వెనకబడింది. జెసాంగ్ ఎప్పటిలాగే పరుగెత్తింది. వారానికోసారి కడుపునిండా నిద్రపోయింది, అంతే.

"నిన్ను ఇంటికి పంపను. దొంగను పట్టించిందీ నువ్వే, దొంగవీ నువ్వే, ఎవరికని శిక్ష వేయను?" కోచ్ గొంతులో కోపం లేదు, అదే ఆమెకు ఇంకా కష్టంగా ఉంది. "ఎముక చీలి ఉంటే ఆర్నెల్లు పరుగు మాటే లేదు. లేకపోయినా బుధవారం నువ్వు పరుగెత్తడం లేదు. డాక్టరుకు ఫోన్ చేసి వస్తాను. అందాకా ఇక్కడే పడుకో."

ఆయన వెళ్ళాక జెసాంగ్ బస్తాల మీద ఒక పక్కకు జరిగింది. "రావే. కొంచెం గుచ్చుకుంటాయి గాని బాగానే ఉంటది." జెలగత్ మెల్లగా ఎక్కి పడుకుంది. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. బడి పోయింది, జట్టు పోయింది, టీ తోటలు మిగిలాయి. వాటిని తీసుకుపోయిన వాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

"నిజం చెప్పు. ప్రతి ఆదివారం నిద్రేనా? ఒక్కరోజు కూడా పరుగెత్తలేదా?"

జెలగత్ మోచేతి మీద లేచి, జెసాంగ్ ముఖం మీదకు వంగి, రెప్పలు కదులుతున్నాయేమోనని చాలాసేపు చూసింది. కదలడం లేదు. ఆ పిల్ల నిజంగానే నిద్రపోయింది.