పరదా కడ్డీ

మొండయ్య కారును షెడ్డు ముందు ఆపి, ఇంజన్ కట్టెయ్యకుండానే దిగి వెనక తలుపు లాగాడు. సీటు ముందు కాళ్లు పెట్టుకునే సందులో అతని భార్య దేవవ్వ ముడుచుకుని పడి ఉంది. చీర చెమటకు ఒంటికి అంటుకుపోయింది. చేతిలో విసనకర్ర ఇంకా అలాగే ఉంది.

"అంబదాసూ, జర నీళ్లు తేరా" అన్నాడు.

అంబదాస్ చేతిలో పానా ఉండగానే పరుగెత్తుకొచ్చాడు. ఆదిలాబాద్ మనిషి. నాగపూర్ ఐసు ఫ్యాక్టరీలో చల్లమిషన్ల పని నేర్చుకుని వచ్చి, కరీంనగర్ బస్టాండు వెనక ఈ రేకుల షెడ్డు వేసుకున్నాడు. డాక్టర్ల ఇళ్లలో ఫ్రిజ్‌లు, సోడా దుకాణాల చల్లపెట్టెలు అతని చేతిమీదే నడుస్తున్నాయి. ఇద్దరూ కలిసి దేవవ్వను ఎత్తి తడిక నీడలో పడుకోబెట్టారు. మొహం మీద నీళ్లు చల్లితే రెప్పలు కదిలాయి.

"ఏమైందన్నా?"

"మిషన్ మల్ల బందైంది. అద్దాలు ఎత్తే ఉండె."

"దించకపోయినవా?"

మొండయ్య దొర కారు తోలేవాడు, దేవవ్వ దొరసాని వెంట ఉండే పనిమనిషి. దొరసాని ఘోషా మనిషి. అద్దం దించితే గాలికి పరదా లేస్తుంది, పరదా లేస్తే రోడ్డు మీది మనిషి కంట పడుతుంది. ఆ ఒక్క భయానికే దొర ఈ పడవంత అమెరికా కారు కొన్నాడు. పోలీసు చర్య తర్వాత హైదరాబాదులో దివాణం మునిగిపోయిన ఒక నవాబు అమ్ముకున్న కారిది. లోపల చల్లగాలి మిషన్ ఉందని తెలిసి దొర ముచ్చటపడ్డాడు. ఇక అద్దం దించే అవసరమే ఉండదు కదా అన్నాడు. మిషన్ నడిచినన్నాళ్లు బాగానే ఉంది. నడవని రోజు అది ఇనప పెట్టె.

ఆ పొద్దున జగిత్యాల దాటాక మిషన్ ఆగింది. దొరసాని నోరు విప్పలేదు. ఆమె మాట్లాడనిది దేవవ్వ మాట్లాడకూడదు. కాళ్ల దగ్గర కూర్చుని విసురుతూ విసురుతూనే దేవవ్వ ఒరిగిపోయింది. ముందు సీట్ల వెనకున్న అడ్డద్దాన్ని దొరసాని ఉంగరంతో టకటక కొడితే గానీ మొండయ్యకు తెలియలేదు. తెలిసినా ఆపే వీల్లేదు. పక్క సీట్లో దొర ఉన్నాడు, నడిరోడ్డు మీద పరదా తీయనివ్వడు. ముందు దొరసానిని చుట్టాలింటి గేటు లోపల దింపి, ఆ తర్వాతే పెళ్లాన్ని ఇక్కడికి తెచ్చుకున్నాడు. "నీళ్లు చల్లితె అదే లేస్తది. పొద్దు వాలేలోపు మిషన్ చేయించుకొని రా. రేపు బాసర పోవాలె" అన్నాడు దొర, మెట్లెక్కుతూ.

అంబదాస్ బానెట్ ఎత్తాడు. గిన్నెలో కుంకుడుకాయ నురుగు తీసి, చిన్న బ్రష్షుతో ఒక్కో అతుకు మీదా పూస్తూ పోయాడు.

"గ్యాస్ పోయేకాడ బుడగ లేస్తది" అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు.

బుడగ ఎక్కడా లేవలేదు. కారు కింద దూరాడు. పైపుల వెంబడి వేలు నడిపి, వేలు చూసుకున్నాడు. గ్యాసుతో పాటు నూనె కూడా కారుతుంది, నూనె కారిన చోట దుమ్ము పేరుకుంటుంది. అక్కడా ఏమీ లేదు.

"ఇంతకముందు గ్యాస్ పోయించినవా?"

"పట్నంల రెండుపార్లు. నెల గూడ నిలువలే."

"మరి వాళ్లు ఎనక చూడలేదా? అసలు మిషనంత డిక్కిల ఉన్నది. పైపులు గా ఎనక సీటు కిందికెల్లే పైకి పోతయి."

"చూడనియ్యలే."

"ఎవరు?"

మొండయ్య కారు వైపు చూశాడు. "నేనే" అన్నాడు.

పట్నంలో మెకానిక్కులు సీటు ఊడదీస్తామంటే తలుపుకు అడ్డం నిలబడ్డది తనే. దొరసాని కూర్చునే చోటు పరాయి చెయ్యి ముట్టకూడదు. పరదా ఎత్తకూడదు. దొర హుకుం అది. మనిషి లోపల లేకపోయినా ఘోషా మాత్రం ఉంటుందన్నమాట. మెకానిక్కులు నవ్వుకుని, గ్యాస్ నింపి పంపేశారు.

"ఇప్పందే దొరకదన్నా. మల్ల నింపితె మల్ల పోతది."

మొండయ్య తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. అతని తండ్రి పాత దొరసాని మేనా మోశాడు. భుజం మీద కాయ కాసి, చచ్చేదాకా ఆ భుజం వంగే ఉంది. కొడుకు చేతికి స్టీరింగ్ వచ్చిందని ఊరంతా గొప్పగా చెప్పుకుంది. జీతమంటూ లేదు. గింజలు, ఏడాదికి రెండు జతల బట్టలు, కారు కొట్టం వెనక ఒక గది. హుకుం తప్పితే ఆ గది పోతుంది. మళ్లీ గడీ పశువుల దొడ్లో పేడకళ్లు ఎత్తాలి.

"ఇప్పనియ్యి" అంది దేవవ్వ.

ఇద్దరూ తిరిగి చూశారు. ఆమె మోచేతి మీద లేచి కూర్చుంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"రేపు బాసర దాక మల్ల గట్లనే తీస్కపోతవా నన్ను? నా సంగతి ఇడిసిపెట్టు, ఆమె గూడ నోరు తెరిసి ఊపిరి తీస్తాంది. ఆమె ఉంగురం కొట్టకుంటె నీకు ఎర్కయ్యేదేనా?"

మొండయ్య అంబదాస్ పానా తీసుకుని తనే వెనక్కి వెళ్లాడు. పరదాలు పక్కకు లాగాడు. సీటు ఊడదీసి బయట నేల మీద పెట్టాడు. అంతే, ఆకాశమేమీ ఊడిపడలేదు. రోడ్డున పోయే ఎడ్లబండివాడు తల కూడా తిప్పలేదు.

అంబదాస్ లోపలికి వంగి నురుగు పూశాడు. రాగి పైపు మీద నల్లగా జిడ్డు పేరుకున్న చోట నురుగు ఒకసారి వణికి, చిన్న బుడగ లేచింది. పగిలింది. మళ్లీ లేచింది.

"దొరికింది. ఇగో, చూడు."

వెనకద్దం కింది పలకలోంచి ఒక మరమేకు దిగివచ్చి, దాని మొన పైపును ఆనుకుని ఉంది. బండి కుదుపుకల్లా రాసుకుని రాసుకుని పైపుకు సూదిమొనంత తూటు పడింది. మొండయ్యకు ఆ మరను గుర్తుపట్టడానికి అరక్షణం పట్టలేదు. దసరా ముందు దొర వెనకద్దం పరదాకు ఇత్తడి కడ్డీ బిగించమంటే, తన చేతులతో దింపిన మర అది. గట్టిగా ఉండాలని పొడుగుది ఎంచి మరీ దింపాడు.

అంబదాస్ పరదాతో సహా కడ్డీ విప్పి పక్కన పెట్టాడు. మిగిలిన గ్యాస్ వదిలేసి, తూటును టంకంతో మూశాడు. లోపలి గాలి లాగేసి కొత్త గ్యాస్ పట్టించాడు. సీటు మళ్లీ పెట్టి మిషన్ నడిపేసరికి మూడో జాము దాటింది. వెనక గొట్టాల్లోంచి చల్లగాలి వచ్చింది. మొండయ్య చెయ్యి పెట్టి చూసుకున్నాడు. సంతోషం కలగలేదు.

అప్పుడే దొర రిక్షాలో దిగాడు. గొడుగు మడిచి, కారులోకి తొంగి చూశాడు. పరదా లేని వెనకద్దం చూసి మొహం మారింది.

"పరదా ఏదిరా?"

అంబదాస్ జరిగింది చెప్పాడు. మరను అరచేతిలో పెట్టి చూపించాడు. దొర ఆ మరను తీసుకుని, మొండయ్య వైపు తిరిగాడు.

"గీ మర దింపిందెవడు?"

"నేనే దొరా. మీరు బిగించుమంటె."

"పరదా కట్టుమన్న. పైపు పొడువుమన్ననా?" దొర గొంతు పెంచలేదు. "సరే, అది ఇంటికాడ చూస్త. ఇగ కడ్డీ బిగించు. నాలుగు వేళ్లంత పక్కకు బిగించు. దొరసాని ఎదురుచూస్తాంది."

అంబదాస్ బ్రష్షు కడుక్కుంటూ, "నాది గ్యాసు పని దొరా, పరదా పని కాదు" అన్నాడు.

"నిన్నెవడన్నడు? ఒరే మొండిగా, ఇగో."

దొర చెయ్యి చాచి ఉంది. అరచేతిలో మర ఉంది. మొండయ్య దానివైపు చూశాడు. మీ బానిసను అనే బాంచెన్ మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. వెనక తడిక నీడలో దేవవ్వ దగ్గుతోంది. పశువుల దొడ్డి కళ్ల ముందు ఆడింది.

"నేను బిగియ్య దొరా" అన్నాడు.

"ఏమంటివి?"

"ఇంటిది ఇయ్యాల సచ్చిపోయేదుండె. బాసరకు పొమ్మంటె తోల్క పోత. పరదా మాత్రం నేను బిగియ్య. అద్దం ఎత్తుమన్న గూడ ఎత్తను."

రిక్షావాడు తొక్కబోయినవాడల్లా కాలు ఆపాడు. దొర కారు వైపు చూశాడు. అతనికి కారు నడపడం రాదు. ఎన్నడూ అవసరం పడలేదు.

ఇంజన్ నడుస్తూనే ఉంది. మూయడం మరిచిపోయిన వెనక తలుపులోంచి చల్లగాలి ఊరికే ఎండలోకి పోతోంది. దొర చెయ్యి ఇంకా చాచే ఉంది. దేవవ్వ లేచి, తడిక పట్టుకుని నాలుగడుగులు వేసి, ఆ తలుపు దగ్గర, గాలి తగిలే చోట నిలబడింది.