మూడో వరసలో లక్ష్మీదేవి

ఈ సైబరాబాద్ మొత్తంలో యాంటెనా తిప్పడం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అద్దాల మేడల్లో కూర్చుని కంప్యూటర్లు ఏలే ఈ పిల్లలెవరికీ ఆ విద్య రాదు. అనంతపురం దగ్గర మా ఊళ్లో ఓసారి యాంటెనా ఇంత తిప్పితే సింహళం వార్తలొచ్చాయి. ఇంకో బెత్తెడు తిప్పితే రష్యాలో మంచు కురుస్తూ కనిపించింది. టీవీ ముందున్న జనం చలికి తువ్వాళ్లు కప్పుకున్నారు.

అంతటి నారాయణప్పను, కోకాపేటలో మా అబ్బాయి నవీన్ కొన్న గోడంత టీవీలో నా భార్య మొహం గుర్తుపట్టలేకపోయాను. మండదా మరి?

మా లక్ష్మీదేవి చేరిన కోలాటం జట్టును దూరదర్శన్ వాళ్లు పిలిచి ఆట చిత్రీకరించారు. ఈమెది మూడో వరస. ప్రసారమైన రోజు చుట్టుపక్కల ఫ్లాట్ల వాళ్లందరూ మా హాల్లో చేరారు. మొదటి వరస మనుషుల్లా ఉంది. రెండో వరస మైనం బొమ్మల్లా ఉంది. మూడో వరస, చెప్పడానికి నోరు రావడం లేదు, గోడకేసి కొట్టిన గారె పిండిలా ఉంది. గెంతినప్పుడల్లా మొహాలు గళ్లుగళ్లుగా విడిపోయి మళ్లీ అతుక్కుంటున్నాయి.

"ఆంటీ, నిజంగ ఉన్నరా మీరు గా ఆటల? ఎంత చూసినా కనిపిస్తలేరు" అని నవ్వింది కింది ఫ్లాటు శ్రీలత.

లక్ష్మీదేవి కూడా నవ్వింది. అందరూ వెళ్లాక కోలాటం కర్రలు అటక మీద పడేసింది. మర్నాటి నుంచి సాధనకు వెళ్లడం మానేసింది. అడిగితే, "కనపడని మనిషి ఆడితే ఏంది, ఆడకపోతే ఏంది?" అంది.

నేను నవీన్‌ను పట్టుకున్నాను. "ఆకాశంలో ఉపగ్రహమట, మిద్దె మీద అందరికీ కలిపి డిష్షు గొడుగట, ఇంత సంబరం చేసి వచ్చే బొమ్మ ఇదేనా?"

"నాయనా, ఆ గొడుగు కంపెనీ వాళ్లు వందల చానెళ్లు ఒకే దారిలో పంపాల. పెద్ద చానెళ్లు కాళ్లు చాపుకుంటాయి. మిగతావాటిని మూలకు కుక్కుతారు. ఆ కుక్కిన బొమ్మను మన టీవీ సాగదీస్తాది."

"అంటే మీ అమ్మను కుక్కి, మళ్లీ సాగదీసినారా?"

వాడు తల గోక్కున్నాడు. నాకు మాత్రం ఒళ్లంతా కారం పూసినట్టయింది. పెద్ద చానెల్లో సబ్బుల ప్రకటన వస్తే నురగలో బుడగలు లెక్కపెట్టుకోవచ్చు. సబ్బుకున్న మర్యాద మనిషికి లేదా?

శుక్రవారం పొద్దున ఆ కార్యక్రమం మళ్లీ వేస్తారని తెలిసింది. అప్పటికింకా నగరంలో గాల్లోంచి వచ్చే దూరదర్శన్ ఆగిపోలేదు. ఊరి నుంచి తెచ్చుకున్న నా డబ్బా టీవీని బట్టల మూటల కింద నుంచి లాగాను. అల్యూమినియం చువ్వల యాంటెనా ఒకటి సంపాదించాను. బాల్కనీలో తువ్వాలు ఆరేసినా భవనం అందం చెడుతుందని అసోసియేషన్ కార్యదర్శి మధుసూదన్ ఆజ్ఞ. ఆయన శ్రీలత మొగుడే. చెడితే చెడనీ అనుకున్నాను.

"ఆ గారె పిండిని నేను మళ్లీ చూడను" అని లక్ష్మీదేవి కొత్తిమీర కోసం కిందికి వెళ్లిపోయింది.

ఆ రోజు నవీన్ ఇంటి నుంచే పని చేస్తున్నాడు. చెవులకు తగిలించుకున్న దాంట్లో మీటింగు వింటూనే బాల్కనీలో యాంటెనా పట్టుకున్నాడు.

"నువ్వే తిప్పొచ్చు గదా నాయనా, రష్యా దాకా పోయినోడివి!"

ఇక్కడొక మాట చెప్పాలి. మా ఊళ్లో యాంటెనా తిప్పింది గోవిందప్ప. మిద్దెక్కితే నాకు కళ్లు తిరుగుతాయి. రష్యా మంచు అంటే, బొమ్మ రానప్పుడు తెర మీద కురిసే తెల్ల చుక్కలు. నా పనల్లా లోపల కూర్చుని "వచ్చింది, పోయింది" అని అరవడం. ఆ అరుపులో మాత్రం నన్ను మించినవాడు లేడు.

"వచ్చిందా?" అన్నాడు నవీన్.

"రాలా... ఇంకొంచెం... వచ్చె! వచ్చె! కదలద్దు!"

చుక్కలు తేలిపోయాయి. జట్టు గుండ్రంగా తిరిగింది. మూడో వరస ముందుకొచ్చింది. లక్ష్మీదేవి! తాళం తప్పినప్పుడు కింది పెదవి కొరుక్కుంటుంది చూడండి, అది కూడా కనిపించింది. అంతలో మీటింగులో ఎవరో పిలిచినట్టున్నారు, వీడు జవాబివ్వడానికి మైకు నొక్కి చెయ్యి కదిలించాడు.

"పోయింది! ఒరే నవీనూ, మీ అమ్మ పోయిందిరా! లక్ష్మీదేవి పోయిందిరో!"

నా అరుపు మైకులోంచి మీటింగంతా వినిపించిందట. వెంటనే వాళ్ల పైఅధికారి, "నవీన్, లాప్‌టాప్ మూసెయ్. ఇక్కడి పని మేం చూసుకుంటాం" అన్నాడట గద్గదంగా.

నా గొంతు కింది ఫ్లాటుకూ చేరింది. మధుసూదన్ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. వెనకాలే శ్రీలత, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"గిట్లెట్లయింది పెద్దాయనా?"

బొమ్మ పోయినందుకు ఇంత బాధపడే మనిషా ఇతను అని నా మనసు కరిగింది. "ఏం చెప్పేది నాయనా, కళ్ల ముందరే. వీడు చెయ్యి కదిలించినాడు, అంతే."

మధుసూదన్ నవీన్ వైపు భయంగా చూశాడు.

"మళ్లీ వస్తాదిలే. ఆ చువ్వను తూర్పుకు తిప్పితే చాలు" అన్నాను.

"దుఃఖంల ఏందేందో మాట్లాడుతుండు" అన్నాడతను భార్యతో.

అప్పుడు లిఫ్టు తెరుచుకుంది. కొత్తిమీర కట్టతో లక్ష్మీదేవి దిగింది. శ్రీలత కెవ్వుమంది.

"ఏమ్మా, ఎవరు పోయినారు?"

"నువ్వేలే, రా" అన్నాను.

సంగతి తెలిశాక నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. ముందుగా తేరుకున్నది మధుసూదన్. "అది సరే గని, బాల్కనీల ఈ ఇనుప చువ్వలేంది? రూల్స్ ఉన్నయ్ గదా!"

"తీస్తాను నాయనా! ముందు మిద్దె మీద ఆ గొడుగు తీయించు. మూడో వరస మనిషిని మనిషిగా చూపించలేనిది నీ భవనానికి అందమా? చూపించిన ఈ చువ్వ వికారమా? ఏ రూల్స్‌లో రాసినారు ఇది?"

డబ్బా టీవీలో అప్పటికే వార్తలొస్తున్నాయి. లక్ష్మీదేవి వాటినే చూస్తూ నిలబడింది.

"నిజంగ కనిపించిండ్రా అంకుల్?" అంది శ్రీలత. ఈసారి ఎగతాళి లేదు.

"కనపడడమా! ముక్కుపుడక తళుక్కుమంటే నా కళ్లు చెదిరినాయి."

శ్రీలత ఆమె వైపు చూసింది. లక్ష్మీదేవి ముక్కు తడుముకుని, "ఔను, ఆ పొద్దు లైట్లకు బాగా మెరిసె" అంది.

సాయంత్రం అటక మీద చప్పుడు వినిపించింది. కర్రలు దించుకుంటోంది.

నేను చెప్పినదాంట్లో పెదవి కొరుక్కోవడం ముమ్మాటికీ నిజం. అల్లింది ముక్కుపుడక ఒక్కటే. చిత్రీకరణ రోజు అది మర తెగి కంసాలి దగ్గరుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆమెకు ఇంకా బాగా తెలుసు.